తూత్తుకుడి తోణిలో తాడు దాటిన రోజు

వచ్చే మాసి నెలలో మా ఆండిపట్టి పక్క నుంచి ఇద్దరు కొత్త కోడళ్ళు కొలంబోకి తోణి, అంటే తెరచాప పడవ, ఎక్కబోతున్నారు. నేను పుట్టింటికి వచ్చానని తెలిసి, ఏమేం తీసుకుపోవాలి, ఎలా ఉంటుంది అని అడగడానికి వాళ్ళ అమ్మలతో సహా వచ్చారు. నలుగురి ముందు మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. మా నాయన నన్ను మూడేళ్ళు వీధి బడిలో కూర్చోబెట్టి ఇసుకలో అక్షరాలు దిద్దించాడు గనుక, చెప్పలేనిది రాయగలను. ఇది చదవడం వచ్చినవాళ్ళు ఎవరైనా వాళ్ళకు చదివి వినిపిస్తారు.

నేను వెళ్ళిన కారణం చిన్నదే. రెండేళ్ళు వానలు లేక మా చేలు ఎండిపోతే మా ఆయన ఎద్దుల్ని అమ్మేసి లంకకు పోయాడు. అక్కడ కొండల మీద పండే కాఫీ గింజల్ని బండ్ల మీద కొలంబోకి దింపే పని దొరికింది. మా కాపురం అప్పటికి నాలుగు నెలలే. ఆయన ముఖం కంటే, చేలో మడక దున్నుతూ నడిచే ఆయన వీపే నాకు బాగా గుర్తు. రెండేళ్ళ తర్వాత కబురు వచ్చింది: "మాసి తోణిలో పంపండి, నేను రేవు దగ్గర ఉంటాను." ఆయనకు పెద్దమ్మ వరసైన రంగమ్మత్త అంతకుముందే నాలుగు సార్లు సముద్రం దాటిన మనిషి. ఈసారి కూడా తన కొడుకు దగ్గరికి పోతోంది. ఆమె తోడుంటుందని మా అత్తగారు ఒప్పుకున్నారు.

ఆండిపట్టి నుంచి తూత్తుకుడికి బండి మీద ఎనిమిది రోజులు పట్టింది. మా నాయనే బండి తోలాడు. మూడో రోజు మదురలో ఆగి, వైగై ఏటి ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు నింపుకున్నాం. తిరుమంగలం దాటాక నల్లరేగడి. అకాలంగా ఒక్క జల్లు పడేసరికి చక్రాలకు మట్టి పట్టి, గంటకొకసారి దిగి కర్రతో గీకాల్సి వచ్చింది. ఆ దారిలో మన వాళ్ళ ఊళ్ళు చాలా ఉన్నాయి. సాయంత్రం ఏ ఇంటి ముందు బండి ఆపినా, మా తెలుగు మాట విని "మనోళ్ళే" అంటూ కంబు సంగటి, అదే సజ్జ సంగటి, పెట్టారు. సత్రాల్లో ఖర్చు ఎక్కువ, ఎద్దులకు మేత కూడా కొనాలి. కాబట్టి పొద్దు వాలేలోపు మన ఊరేదైనా చేరేలా చూసుకోండి.

తూత్తుకుడిలో నేను చేసిన తప్పు ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దానివల్లే. రేవు కొట్టంలో ఒక గుమాస్తా కూర్చొని, ఎక్కేవాళ్ళందరికీ చీటీలు రాస్తున్నాడు. మా నాయన తలకు రూపాయిన్నర బాడుగ కట్టి, నీళ్ళ కుండలు తేవడానికి పోయాడు. రంగమ్మత్త మూటల దగ్గర ఉంది. అప్పుడే నా వంతు వచ్చింది. నా పేరు అడిగాడు, గురువమ్మ అని చెప్పాను. తర్వాత "పురుషన్ పేరు?" అన్నాడు. మన ఆడవాళ్ళు మగడి పేరు నోటితో పలకరు కదా. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని నేను నడక నేర్చినప్పటి నుంచి విన్నాను. మన ఊళ్ళో అయితే దేవుడి గుర్తు చెబితే చాలు, అందరికీ తెలిసిపోతుంది. అదే అలవాటుతో తల దించుకొని "తిరుపతి సామి పేరు" అన్నాను. అతను "శరి" అని గబగబా రాసి చీటీ చేతిలో పెట్టాడు. అది అరవంలో ఉంది. నాకు తెలుగు అక్షరాలే వచ్చు. మడిచి కొంగున కట్టుకున్నాను.

సాయంత్రం నాలుగు గంటల వేళకు తోణి కదిలింది. మూడు తెరచాపలు, అరవై మందికి పైగా జనం. ఆడవాళ్ళకు వెనక భాగంలో తాటాకు పందిరి వేశారు. వంట చెయ్యడానికి ఇసుక నింపిన పెద్ద పెట్టె, దాని మీద ఒకటే పొయ్యి. ఆ ఒక్క నిప్పు కోసం ఊరికొక జట్టుగా వాదులాట. మేలూరు నుంచి వచ్చిన మరియమ్మ అనే ఆమె గరిటె పట్టుకొని పొయ్యి ముందే కూర్చుంది, ఎవరినీ రానివ్వలేదు. ఆమెది కూడా మన మాటే, కూలి పనికి పోతోంది, నోరు మాత్రం చురకత్తి.

"ముందు తూరి వచ్చినప్పుడు ఇట్ల లేదు పాపా," అంది రంగమ్మత్త. "తోణి కదలంగానే పెద్ద కుండ ఒకటి పెడతాండిరి. ప్రతి ఆడదీ పిడికెడు బియ్యం దాంట్లో ఏసేది. మొదటి పూట గంజి అందరికీ ఒకటే. తాగినాక ఎవురు ఎవురితో కొట్లాడతారు?"

"ఆ కుండ యాడికి పోయింది అత్తా?" అని అడిగాను.

"కుండ ఉండాది. పిడికిలి తెరిచేవాళ్ళే లేరు."

మర్నాడు తెల్లవారగానే తండేలు, అంటే తోణి నడిపే పెద్ద, చీటీల జాబితా పట్టుకొని పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఇది రోజూ జరిగే తంతు. రాత్రంతా వాంతులు చేసుకొని పడి ఉన్నవాళ్ళను లేపి నిలబెడతారు గనుక అందరూ తిట్టుకుంటారు. నేనూ తిట్టుకున్నాను. "గురువమ్మ, పెరుమాళ్ పొండాట్టి," అని, అంటే పెరుమాళ్ పెండ్లాం అని పిలిచాడు. వేరే గురువమ్మ ఎవరో ఉందనుకున్నాను, మన పక్క ఆ పేరుకు కరువు లేదు కదా. మూడు సార్లు పిలిచి, అతను ముఖం మార్చుకొని తోణి అంచు మీదుగా నీళ్ళలోకి చూశాడు. జాబితా అంతా అయిపోయింది, నా వంతు రానేలేదు. ఒక మనిషి తక్కువ, ఒక మనిషి ఎక్కువ.

రంగమ్మత్త నన్ను గిల్లింది. "ఏమే, నీ పేరే కదా అది?"

"నా పేరే అత్తా. మగడి పేరే ఆయనది కాదు."

అప్పుడు అర్థమైంది. అరవంలో తిరుపతి సామిని పెరుమాళ్ అంటారు. గుమాస్తా అదే రాసేశాడు. తండేలు తల గోక్కున్నాడు. సముద్రం మీద బతికే పరవల మనిషి, అయినా రేవుల్లో తిరిగి మన మాట కొంచెం నేర్చుకున్నాడు. "నేను దిద్దేదానికి లేదు తాయి. కొలంబో రేవులో నువ్వే నోరు తెరిచి చెప్పాల. పక్కనోళ్ళు చెబితే వాళ్ళు ఒప్పరు."

ఎందుకు ఒప్పుకోరో రంగమ్మత్త చెప్పింది. ఎవరెవరో ఆడపిల్లలను తమ భార్యలని బొంకి కాఫీ తోటలకు తోలుకుపోయిన సంగతులు జరిగాయట. అందుకని అక్కడ ఆడవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి, మగడి పేరు ఆమె నోటితోనే చెప్పించి, కంచె బయట నిలబడిన మగవాడితో సరిచూస్తారు. కుదరకపోతే కొట్టంలో ఉంచి, తిరుగు తోణిలో వెనక్కి పంపుతారు. పెరియకుళం పిల్ల ఒకతె నోరు తెరవలేక ఐదు రోజులు కొట్టంలో కూర్చొని, వచ్చిన తోణిలోనే తిరిగి పోయిందట. మగడు కంచె బయటే ఉన్నాడట. నా చీటీలో అసలు పేరే తప్పు. ఆ మాట విన్నాక నాకు సముద్రం ఊగడం కూడా తెలియలేదు.

ఆ పొద్దునే మన గట్టు కనబడకుండా పోయింది. అలా గట్టు పోగానే తోణిలో రెండు ఆనవాయితీలు ఉన్నాయి. ఒకటి, కొత్తగా సముద్రం దాటేవాళ్ళ నెత్తిన పడవవాళ్ళు బొక్కెనతో ఉప్పునీళ్ళు కుమ్మరించి నవ్వడం. మగవాళ్ళకు సరదాగా ఉందేమో. మాకు తడి చీర మార్చుకునే చాటు లేదు, రోజంతా ఉప్పు ఒళ్ళు చురుక్కుమంటుంది. అది ఎత్తేస్తే ఒక్క ఆడది కూడా బాధపడదు. రెండోది ఆడవాళ్ళే పెట్టుకున్నది. పందిరి కింద మోకాలెత్తున తాడు పట్టుకుంటారు. పెళ్ళిలో కొత్త కోడల్ని గడప దగ్గర ఆపినట్టే, కొత్తగా దాటే ప్రతి ఆడదీ మగడి పేరు చెప్పి తాడు దాటాలి. దాటితే తాటిబెల్లం ముక్క ఇస్తారు.

నా వంతు వచ్చింది. తాడు దగ్గర నిలబడ్డాను. పేరు రాలేదు. ఎంతసేపు నిలబడ్డానో, చివరికి వెనక్కి తిరిగి వచ్చి మూటల మధ్య కూర్చున్నాను.

"పాపం, దీని మొగుడికి పేరు పెట్టేది మరిచినట్టుండారు వాళ్ళమ్మ," అంది మరియమ్మ. పందిరి పందిరంతా నవ్వింది. ఆ తాడును సముద్రంలో పారేస్తే బాగుండుననిపించింది.

మధ్యాహ్నం ఎవరూ దగ్గర లేనప్పుడు రంగమ్మత్తతో నా భయం చెప్పాను. పేరు పలికితే ఆయనకేమైనా అయితే ఎలా అని.

"ఈ తాడు మింద, రేవులో కలిపి మా ఆయన పేరు నాలుగు తూర్లు చెప్పినా," అంది ఆమె. "ఇంకా గట్టిగానే ఉండాడు. నన్ను తిట్టేదానికి ఓపిక రవ్వంత కూడా తగ్గలా."

"నీది వేరే అత్తా."

"ఏమి వేరే? నువ్వు నోరు మూసుకుంటే ఏమైతాదో అది తలుచుకో. వాడు ఎండలో కంచె కాడ నిలబడి, పెండ్లాం దిగలా అనుకొని బండి తోలుకొని పోతాడు. మల్లీ రెండేండ్లు ఒంటిగా వండుకొని తినేది. ఆయుష్షు దానికి తగ్గదా?"

పొద్దు గుంకే ముందు చుక్కాని పక్కకు పోయి, అంచు పట్టుకొని, నీళ్ళ వైపు తిరిగి ఆయన పేరు అన్నాను. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. ఇంకోసారి అన్నాను. మూడోసారి నా చెవికి వినబడింది. ఏమీ కాలేదు. చాప నిండా గాలి ఉంది, తోణి పోతూనే ఉంది.

మూడో రోజు పొద్దు బాగా ఎక్కాక దూరంగా కొబ్బరి చెట్లు కాటుక గీతలా కనబడ్డాయి. గట్టు కనబడితే మళ్ళీ ఒకసారి తాడు కడతారు, మొదట దాటలేనివాళ్ళ కోసం. దాటనిదాన్ని నేనొక్కదాన్నే. ఎవరూ పిలవకముందే లేచి పోయి నిలబడ్డాను. చెప్పాను.

"గాలికి చెప్పినావా, మాకు చెప్పినావా?" అంది మరియమ్మ. కానీ ఈసారి నవ్వలేదు. "ఇంగో తూరి చెప్పు పుళ్ళా. రేవులో వాడికి చెవుడంట."

ఇంకోసారి చెప్పాను. చుక్కాని దగ్గర నుంచి తండేలు, "అదే గొంతు అక్కడ కూడా ఉండనీ తాయి," అన్నాడు. తాడు దాటాను. మరియమ్మే తన చేత్తో బెల్లం పెట్టింది. నేను తినలేదు, కొంగున కట్టుకున్నాను.

కొలంబో రేవు చేరేసరికి మధ్యాహ్నం మూడు గంటలు. మగవాళ్ళు ఒక తలుపు, ఆడవాళ్ళు ఒక తలుపు. రంగమ్మత్త నాకంటే ముందు పోయింది, తన మాట చెప్పి బయటపడింది. అక్కడి గుమాస్తా నా చీటీ చదివి కంచె వైపు "పెరుమాళ్" అని కేకేశాడు. నేను అనుకోనిది జరిగింది. గుంపులోంచి ఒకాయన నిజంగానే ముందుకు వచ్చాడు. పెద్ద మీసాలు, నెత్తిన తుండుగుడ్డ. ఆయన నన్ను చూసి, తన వెనక ఉన్నవాళ్ళను చూసి, "ఇది మా ఆమె కాదప్పా, మా ఆమె లావుగా ఉంటాది," అన్నాడు. అందరూ నవ్వారు. గుమాస్తా నవ్వలేదు.

"అయితే నీ పురుషన్ ఎవరు?" అన్నాడు, కలం పక్కన పెట్టి. ఆ కలం పక్కన పెట్టడం చూశాకే నాకు గొంతు వచ్చిందనుకుంటాను. తోణిలో చెప్పినదానికి రెండింతలు గట్టిగా చెప్పాను.

"ఇక్కడుండా," అని కంచె అవతల నుంచి వినబడింది.

గుమాస్తా ఒక పేరు కొట్టేసి ఇంకొకటి రాశాడు. అంతే. బయటికి వచ్చాను. ఆయన కొంచెం నల్లబడ్డాడు, చిక్కాడు. రెండేళ్ళు గుండె మీద కూర్చున్న బరువేదో దిగిపోయి, ఆ రేవు గోలలో కూడా నాకు నిద్ర వచ్చేంత నిమ్మళంగా అనిపించింది.

"ఎవురిదో గొంతు అనుకున్నా," అన్నాడు ఆయన, మూట అందుకుంటూ. "మా ఇంటిదానికి ఇంత గొంతు ఉండాదని నాకేం తెలుసు."

కొంగు ముడి విప్పి బెల్లం ముక్క ఆయన చేతిలో పెట్టాను.

"ఇది దేనికి?"

"తోణిలో ఇచ్చినారు. తిను."

అది జరిగి మూడేళ్ళయింది. ఆయన బాగున్నాడు, జ్వరం కూడా రాలేదు. తోణి ఆనవాయితీల్లో ఏది ఉండాలి, ఏది పోవాలి అని ఎవరైనా నన్ను అడిగితే, ఉప్పునీళ్ళ బొక్కెన పోవాలి, పిడికెడు బియ్యపు కుండ తిరిగి రావాలి అంటాను. ఈసారి తిరిగి వచ్చేటప్పుడు నేనే మొదటి పిడికిలి వేశాను. పదకొండు మంది వేశారు, మిగతావాళ్ళు చూస్తూ ఊరుకున్నారు, అయినా గంజి అందరికీ సరిపోయింది. పొద్దున పేర్ల పిలుపును తిట్టుకోండి గానీ లేచి వినండి. అది లేకపోతే నా తప్పు రేవు దాకా నాకు తెలిసేది కాదు. తాడు మాత్రం ఎవరూ తీసెయ్యకండి. ఇంట్లో ఈ రోజుకీ నేను ఆయన్ని పేరు పెట్టి పిలవను, పిలవాలనీ లేదు. కానీ పిలవగలనని తెలిశాక, పిలవకపోవడంలో భయం పోయింది.

కోడళ్ళిద్దరికీ ఒక్కటే చెబుతున్నాను. చింతపండు, ఎండు మజ్జిగ మిరపకాయలు, పొడి చీర ఒకటి మూట పైన పెట్టుకోవడం ఎలాగూ మీ అమ్మలు చెబుతారు. నేను చెప్పేది, ఇల్లు కదిలే ముందే బావి దగ్గరో చేలోనో ఒంటరిగా నిలబడి మీ ఆయన పేరు పదిసార్లు పైకి అనండి. తూత్తుకుడిలో గుమాస్తా అడిగితే దేవుడి గుర్తు చెప్పకండి, ఉన్న పేరు చెప్పి, రాసింది చదివించుకొని వినండి. కష్టమే, నాకు తెలుసు. నేను ముందు చేసి చూపిస్తాను. మా ఆయన పేరు వెంకటసామి.