దొర జిల్లా, మా కరువు

వీధి తడిగా కనబడగానే గుండె గుభేలుమన్న ఆడది అనంతపురం జిల్లా మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ పొద్దున పిల్లలిద్దరి ముఖాలు కడుగుదామని వాకిట్లోకి వస్తే, మా ఇంటి ముందు నుంచి ఊరి మొదటి దాకా నేల నల్లగా నాని మట్టివాసన వేస్తోంది. వాన కాదు, మా మామ చల్లించిన కల్లాపి. ఆ రోజుల్లో మా అత్తగారి ఊళ్లో (బత్తలపల్లె నుంచి ధర్మవరం పోయే దారిలో కాస్త లోపలికి ఉంటుంది) నీళ్లంటే దిగుడు బావి ఒక్కటే. మెట్లు దిగి, మోకాటి లోతులో నిలబడి, బిందె ముంచుకోవాలి. ఆ నీళ్లు తాగినవాళ్లకు నారికురుపు లేచి, కాలిలోంచి దారంలాంటి పురుగు బయటికి వచ్చేది. నేను డిగ్రీ చదివిన మనిషిని. చదువు వల్ల నాకు మిగిలిన లాభం భయమొక్కటే. పిల్లలకు నీళ్లు పోసినప్పుడల్లా వాళ్ల పిక్కలు తడిమి చూసుకునేదాన్ని, దోమకాటు కనబడ్డా కళ్లనీళ్లు పెట్టుకునేదాన్ని. ఆ రోజు వస్తున్నది అమెరికా నుంచి ఒక రైతు. ఊరూరా బోర్లు వేయించే ఒక సంస్థవాళ్లు ఆయన్ను పంపుతున్నారు. మాకు నీళ్లు లేవని ఆయన కళ్లారా చూసి చెబితేనే మా ఊరికి బోరు. అలాంటి రోజున మా మామ ఊరంతా తడిపి కూర్చున్నాడు.

మా మామ ఊరి ప్రెసిడెంటు. పక్క ఊరి రెడ్డిగారి మోటారు బావి నుంచి బండ్లు కట్టి డ్రమ్ములతో నీళ్లు తోలించాడట. "ఏం మామా, నీళ్లు లేవని చెప్పుకోవాల్సిన రోజు ఇదేం పని?" అని తెగించి అడిగాను. "నువ్వూరుకో పాపా. దొర వచ్చేటప్పుడు వాకిలి దుమ్ము లేస్తాంటే నా మర్యాద ఏం కావల్ల? ముందు మర్యాద, తిన్నాంక అడుక్కోవడం" అన్నాడు. మా అత్త కొత్త కడవల్లో నీళ్లు నింపి, అరుగు మీద వరసగా పెట్టి, పసుపు కుంకుమ కూడా అద్దింది. సంస్థవాళ్ల దుబాసీకి జ్వరమని కబురు రావడంతో ఆ పని నా నెత్తిన పడింది. "మా కోడలు జాగ్రఫీ చదివింది, అమెరికా అంతా దానికి నోటికొచ్చు" అని మామ అందరికీ చెప్పేశాడు. నేను మూడేళ్లు ఆ దేశం పటంలో గోధుమలు పండేచోట పసుపు రంగు వేసిన మాట నిజమే. అయితే ఆ దేశపు మనిషి నోరు విప్పితే సగం మాటలు ఆయన ముక్కులోనే ఉండిపోతాయని మా లెక్చరరు చెప్పలేదు.

దొర జీపు దిగాడు. పొడుగు మనిషి, ఎండకు కాలిన మెడ, తలమీద పెద్ద టోపీ. తడివీధి చూశాడు, కడవలు చూశాడు, కాళ్లమీద మా అత్త పోసిన రెండు చెంబుల నీళ్లు చూశాడు. నావైపు తిరిగి సంతోషంగా ఏదో అన్నాడు.

"ఏమంటాండాడు?" అన్నాడు మామ.

"నీళ్లకు మీకేమీ ఇబ్బంది లేనట్టుందే అంటున్నాడు మామా."

మామ మీసం దువ్వుకున్నాడు. "ప్రెసిడెంటు ఊరు కదా, ఆమాత్రం ఉండాదని చెప్పు."

చెప్పకుండా ఏదో గొణిగాను. బోరు నా కళ్ల ముందే జీపెక్కి వెనక్కి పోతోంది.

భోజనానికి రాగిముద్ద, కోడికూర, నోరు మండే చెనక్కాయల పచ్చడి ఊరుబిండి. దొర కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి (ఊళ్లో ఆ రోజు నిజాయితీగా ఊరిన నీళ్లు అవే). కాస్త తేరుకున్నాక, "మీదే ఊరు దొరా?" అని ఎవరో అడిగారు. ఆయన చూపుడువేలు మజ్జిగలో ముంచి అరుగు బండమీద చదరంగా ఒక గీత గీశాడు. అదీ ఆయన జిల్లా. నాలుగువైపులా తిన్నని గీతలే.

"స్కేలు పెట్టి గీసినట్టుందే! ఇంగ గట్టు తగాదాలు యాడుంటాయి? ఆ ఊరి లాయర్లు ఏం తిని బతకల్ల?" అని మామ బాధపడ్డాడు.

నేల ఎంతంటే మన తాలూకా అంత. మనుషులెంతమందంటే మన తిరునాళ్లకు వచ్చేంతమంది కూడా లేరు. మనుషులకన్నా గొడ్లెక్కువ. పొరుగిల్లు అంటే మనకు పొరుగూరంత దూరం. నేను ఒక్కొక్కటి తెలుగులో చెబుతుంటే ఊరంతా "అయ్యో, అయ్యో" అంటూ వచ్చింది.

"ఏమప్పా, ఆడ పీనుగను మోసేదానికి నలుగురన్నా దొరుకుతారా?" అన్నాడు అరుగు చివర కూర్చున్న ముసలాయన.

"పొద్దుగాల చక్కెర అయిపోతే ఎవురింటికి పోతారే పాపా?" అని మా అత్త అడిగింది.

"కారేసుకొని అంగడికే పోవాలంట అత్తా."

"నా బిడ్డే! ఎంత కష్టం వచ్చింది" అంటూ ఆయన వద్దంటున్నా ఇంకో ముద్ద పెట్టింది.

మామ ఆలోచన వేరేగా నడుస్తోంది. అంతమందికే ఒక జిల్లానా, కోర్టూ జైలూ కూడానా? జైల్లో ఎవరుంటారు? ఎప్పుడో గాని ఎవరూ ఉండరని దొర చెప్పాడు. "జైలు ఖాళీగా ఉంటే అదేం రాజకీయమప్పా!" అని మామ చప్పరించాడు. అయినా ఆశ చావలేదు. "ఆ లెక్కన మన ఊరూ పక్కనున్న రెండు పల్లెలూ కలిపితే ఒక జిల్లా. నేను జిల్లాకు ప్రెసిడెంటు. ఓట్లు ఇంటింటికీ పోయి పేరుపెట్టి పిలిచి అడగొచ్చు" అన్నాడు. అప్పటికి దొర వచ్చిన పనిని అందరూ మరచిపోయారు, దొరతో సహా.

ఆయనే మళ్లీ మొదలుపెట్టాడు, గొంతు తగ్గించి. తమ జిల్లాలోనూ వానలు సరిగా లేవట. ఏరు పేరుకే ఏరట, వంతెన మాత్రం నిలబడి ఉందట. తాతలనాడు దుమ్ముగాలులు లేచి ఎన్నో కుటుంబాలు ఇళ్లు వదిలి పోయాయట. పిల్లలు తగ్గి బడి కూడా మూసేసేలా ఉన్నారట. వింటున్నవాళ్ల ముఖాలు వాడిపోయాయి. "పాపం, మనకన్నా అన్యాయంగా ఉండాడు దొర" అన్నాడు ముసలాయన.

అంతే, మామ ముఖం మారిపోయింది. ఆయన అరుగుమీద, ఆయన కోడికూర తిని, ఆయన ముందరే ఇంకొకరి కరువును పొగడటమా?

"ఏందప్పా మనకన్నా? వాళ్లదీ ఒక కరువేనా? చెప్పు పాపా ఆయనకు! వాళ్ల ఏట్లో నీళ్లు లేవు, అంతే కదా. మా ఏట్లో మోటారుసైకిలు నేర్చుకుంటారని చెప్పు! ఈ వీధిలో తడి మాదనుకుంటాండాడా? బండ్లు కట్టి తోలిచ్చినాం! ఆ కడవల్లో నీళ్లు మజ్జిగలో కలుపుకోను కూడా చాలవు, రేపటికి ఖాళీ! లేయమను, మా బావి చూపిస్తా. కరువంటే ఏందో చూసి పోనీ!"

జీవితంలో అంత గబగబా నేనెప్పుడూ ఇంగ్లీషు మాట్లాడలేదు. వ్యాకరణం సగం అరుగు మీదే వదిలేసి, అందరికన్నా ముందు నడిచాను.

దిగుడు బావిలో ఆడవాళ్లు పాచిని చేత్తో పక్కకు తోసి బిందెలు ముంచుతున్నారు. మెట్టుమీద ఒకామె కాలికి గుడ్డ కట్టుకుని, పుల్లకు చుట్టిన పురుగు తెగకుండా పట్టుకుని కూర్చుంది. మామ ఒక్కొక్క మెట్టూ చూపిస్తూ, ఈ కట్టడం తన ఆస్తి అన్నట్టు, "ఆడికి దిగల్ల, ఈడ నిలబడల్ల, చూడమను" అంటున్నాడు. దొర టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా రెండు మాటలన్నాడు.

"ఏమనె?"

"నువ్వే గెలిచినావంటున్నాడు మామా."

మామ ఎన్నికల్లో నెగ్గిన రోజు కూడా అంత వెలిగిపోలేదు. బోరు మాట ఆయనకు గుర్తే లేదు. నేనే అడిగాను. ఈ ఎండాకాలంలోనే యంత్రం వస్తుందని దొర మాటిచ్చి, మా అత్త పెట్టిన చెనక్కాయల మూటతో జీపెక్కాడు. ఆయన మాట మీద నిలబడ్డాడనే అనుకుంటాను. అయితే సంస్థకు సర్కారు అనుమతి కావాలి, సర్కారుకు మనిషి వచ్చి చూడాలి, వచ్చిన మనిషికి మామ మళ్లీ కల్లాపి చల్లించాడు. పంపు తన వాకిట్లోనా, నాలుగుదోవల కూడలిలోనా అని ఊరు రెండు పార్టీలయింది. చివరికి కూడలిలోనే బోరు పడింది, నీళ్లూ పడ్డాయి. అప్పటికి నా చిన్నది పలక వదిలి నోటుబుక్కులకు వచ్చేసింది. దేవుడి దయవల్ల పిల్లల కాళ్లకు ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ కొన్నేళ్లూ నిద్ర లేదు. ఇప్పుడు వాళ్లు పక్కగదిలో పడుకున్నాక ఇది రాస్తూ, ఆనాటి నన్ను తలచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

దొర వెళ్లిన మరుసటి రోజు పొద్దున ఆనాటి నేను పిల్లలిద్దరినీ చెరో మోకాలిమీద కూర్చోబెట్టుకుని, "ఈ ఎండాకాలం ఒక్కటీ ఓర్చుకోండి నాయనా, అంతే" అని ధైర్యం చెప్పాను.