రెండు దిండ్ల మీద ఆరేళ్లు

ఆమెను అందరూ సూదక్క అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. తెల్లవారగానే ఇళ్లకు వెళ్లి, పరగడుపున ఉన్నవాళ్ల దగ్గర రక్తం తీసుకుని ల్యాబుకు చేర్చడం ఆమె పని. పద్దెనిమిదేళ్లుగా అదే పని. నరాలు దొరకని ముసలివాళ్లు, సూది చూస్తేనే కళ్లు తేలేసేవాళ్లు “ఆ అక్కనే పంపండి” అని ముందురోజే ఫోన్ చేసి చెప్పుకునేవారు. సూదక్క చేతిలో రెండో పోటు ఉండదని పేరు. మోచేతి మడతలో వేలితో రెండుసార్లు తట్టి, “ఆ బీరువా బాగుందండీ, ఎక్కడ కొన్నారు?” అని అడిగేది. వాళ్లు బీరువా వైపు తిరిగి చెప్పేలోపు గొట్టం నిండిపోయేది.

మనిషి పొట్టి. బస్సులో పైనుండే కమ్మీ ఆమెకు ఎన్నడూ అందిన పాపాన పోలేదు. బస్సులెక్కి దిగి, మెట్లెక్కి దిగి మోకాళ్లు అరిగాక, ఆరేళ్ల కిందట ఒక చిన్న బూడిద రంగు కారు కొనుక్కుంది. సొంత సంపాదన, సొంత సంతకం, సొంత లైసెన్సు.

కారు తెచ్చుకున్న రోజు షోరూములో టై కట్టుకున్న సేల్స్‌మన్ ఆమె చేతిలో ఒక పూలగుత్తి పెట్టి ఫొటో తీశాడు. తర్వాత ఆమె భర్తను తీసుకెళ్లి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి ముప్పావుగంట పాఠం చెప్పాడు. భర్త బడిలో లెక్కల మాస్టారు. డ్రైవింగ్ రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. కాకపోతే నోట్లో నాలుక లేని మనిషి, ఎదుటివాడు చెప్తుంటే ఆపడం మర్యాద కాదనుకునే మనిషి. “ఆహా... ఓహో...” అంటూ తలూపుతూ కూర్చున్నాడు. సూదక్క కిటికీలోంచి వంగి, “నడిపేది నేనండీ” అంది. “తప్పకుండా మేడమ్, సార్ అన్నీ మీకు చెప్తారు” అని అతను మళ్లీ మాస్టారి వైపు తిరిగాడు. ఆమె పూలగుత్తి పట్టుకుని బయట నిలబడింది.

అదే రోజు, సీట్లు మాసిపోతాయని చెప్పి, కవర్లు కూడా వాళ్లే తొడిగారు. మందపాటి కవర్లు, పక్కలకు నేలదాకా జాలువారే కుచ్చులతో చూడముచ్చటగా ఉన్నాయి.

ఇంటికి వచ్చేటప్పుడే తెలిసింది, ఆమెకు రోడ్డు సగమే కనపడుతోందని. బానెట్ చివర ఎక్కడుందో అంచనా వేసుకోవాల్సిందే. మర్నాడు ఒక దిండు వేసుకుంది, చాలక ఇంకొకటి వేసుకుంది. దిండ్ల మీద కూర్చుంటే రోడ్డు కనపడేది కానీ స్టీరింగు తొడలకు తగిలేది. దానికి దూరంగా జరిగితే బ్రేకు అందేది కాదు. గట్టిగా బ్రేకు తొక్కితే పై దిండు ముందుకు జారేది. ఒక భుజం పైకెత్తి, మెడ కొంగలా సాచి, ఆమె ఊరంతా తిరిగేది.

మొదటి సర్వీసింగుకు ఇచ్చినప్పుడు అక్కడి కౌంటరులో ఉన్నాయన్ని అడిగింది కూడా. “సీటు కాస్త పైకి లేపుకునే వీలుందా అండీ?”

ఆయన కంప్యూటరులోంచి తల ఎత్తకుండానే, “మీ మోడల్లో లేదు మేడమ్. కావాలంటే మా దగ్గర మంచి కుషను ఉంది” అన్నాడు.

ఆమె కుషను కొనుక్కుంది. ఉన్న రెండు దిండ్లలో ఒకటి తీసేసి దాన్ని వేసుకుంది. మూడో ఏడు వచ్చేసరికి మెడ పట్టేసింది. డాక్టరు “వయసండీ” అన్నాడు. అప్పటికి ఆమెకు నలభై మూడు. మెడకు పట్టీ రాసిచ్చాడు. పట్టీ పెట్టుకుంటే పక్క అద్దం కనపడేది కాదు. దాంతో అది డిక్కీలో పడి ఉండేది. నొప్పి మెడ నుంచి భుజంలోకి, భుజంలోంచి వేళ్లలోకి దిగింది. ఆరో ఏడు ఒక పొద్దున ఒక పెద్దావిడ చేతికి సూది గుచ్చుతుంటే చెయ్యి సన్నగా వణికింది. నరం తప్పింది. రెండోసారీ తప్పింది. ఆవిడ చేతి మీద నల్లగా కమిలిన మచ్చ ఫొటో ఆ సాయంత్రానికల్లా ల్యాబు మేనేజరు ఫోనుకు చేరింది.

“కొన్నాళ్లు లోపల కూర్చోండి” అన్నాడు మేనేజరు. మర్యాదగానే అన్నాడు. పద్దెనిమిదేళ్లలో ఊరు నరాలన్నీ కంఠతా వచ్చిన మనిషి, కిటికీ లేని గదిలో గొట్టాలకు స్టిక్కర్లు అంటిస్తూ కూర్చుంది. ఎవరినీ ఏమీ అనలేకపోయింది. తప్పు తన చేతిదే అనుకుంది.

రెండు నెలలు అలా గడిచాయి. ఒక శనివారం మధ్యాహ్నం, కారు ఒక పక్కకు లాగుతోందని టైర్ల దుకాణానికి తీసుకెళ్లింది. దుకాణం నడిపే పెద్దాయన ఆరడుగుల మనిషి. ఆమె ‘అన్నా’ అంటుంది. చక్రాలు సరిచేశాక, ఒక చుట్టు తిప్పి చూస్తానని ఎక్కాడు. మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకున్నాయి. దిండూ కుషనూ తీసి వెనక సీట్లోకి విసిరేశాడు. సీటు వెనక్కి జరిపాడు. ఇంకా కిందికి దించుదామని అలవాటుగా తలుపు వైపు చెయ్యి దించాడు. చేతికి కవరు కుచ్చు తగిలింది. కుచ్చు పైకెత్తి తడిమి చూసి, ఏదో తనలో తాను గొణుక్కుని, కారు తిప్పుకొచ్చాడు.

దిగుతూ అడిగాడు. “ఏమ్మా, సీటు అట్టడుగున పెట్టుకుని దాని మీద దిండ్లు వేసుకుంటావేంటి?”

“మరేం చెయ్యను అన్నా? ఇది పైకి లేవదుగా.”

“లేవదా? ఎవరన్నారు? లివర్ ఉందిగా.”

“లివరా?” సూదక్కకు తెలిసిన లివరు ఒకటే, దాని పరీక్షల గొట్టాలకే ఆమె రోజూ స్టిక్కర్లు అంటిస్తోంది.

ఆయన కుచ్చు ఎత్తి చూపించాడు. జానెడు పొడవున్న నల్లటి ప్లాస్టిక్ పిడి. ఇన్నేళ్లలో ఒక్క చెయ్యి పడక కొత్తదానిలా మెరుస్తోంది. “కూర్చుని పైకి లాగు.” ఆమె కూర్చుని లాగింది. టకటకమని సీటు అంగుళం లేచింది. మళ్లీ లాగితే ఇంకో అంగుళం లేచింది. ఇంకో నాలుగు లాగులకు బానెట్ చివర కనపడింది, దాని ముందు దుకాణం అరుగు కనపడింది, అరుగు మీద పడుకున్న పిల్లి కూడా కనపడింది.

“ఇంక ఈ స్టీరింగు కింద చూడు” అని ఆయన చెయ్యి పెట్టి ఇంకో పిడి కిందికి తిప్పాడు. స్టీరింగు తొడల మీద నుంచి పైకి తప్పుకుంది. ఆమె భుజం దానంతటదే కిందికి దిగింది. ఆరేళ్ల తర్వాత దిగింది.

పెద్దాయన నవ్వాడు. “చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుందమ్మా నీ సంగతి.”

అంతే, అరికాలి మంట నెత్తికెక్కింది. “నేను వెతికానన్నా! వెతికి, అడిగాను కూడా! లేదన్నారు! లేదని చెప్పి కుషను అమ్మారు! చంకలో పిల్లను దుప్పటి కప్పి దాచిందెవరో అది చెప్పు!” అని ఆ అమాయకుడి మీద విరుచుకుపడింది. తర్వాత తనే నొచ్చుకుని, “నిన్ను కాదులే అన్నా” అంది. “అర్థమైందమ్మా, అరిచెయ్యి” అన్నాడాయన. “ఎవరో ఒకరి మీద అరవాలిగా.”

ఇంటికెళ్లేసరికి మాస్టారు పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. ఆమె దిండునూ కుషనునూ తెచ్చి ఆ పేపర్ల మీద పడేసింది.

“కారు తెచ్చిన రోజు ఆ టైవాడు మీకు సీటు లేపడం చెప్పాడా?”

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. “ఏవో మీటలన్నాడు... పైకి, కిందికి అన్నట్టే గుర్తు.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నాకు అర్థమైతేగా. నేను నడుపుతానా ఏమన్నానా.”

“నడపనివాళ్లు మరి గంగిరెద్దులా తలెందుకూపారు? ‘నాకు రాదు, ఆవిడకు చెప్పు’ అని ఒక్క ముక్క అనలేకపోయారా?”

ఆయన ఎర్ర పెన్నుకు మూత పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “షోరూము నిండా జనం. పెళ్లాం నడుపుతుంది, నాకు రాదు అని చెప్పడానికి... కాస్త నామోషీ అనిపించింది.”

ఆ మాటకు ఆమెకు కోపం రావాల్సిన దానికన్నా ఎక్కువే వచ్చింది. కానీ అరవలేదు. “మీ నామోషీ నా మెడకు చుట్టుకుంది” అని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున్నే ఆమె కారు డాష్‌బోర్డు అరలోంచి పుస్తకం తీసింది. అది ప్లాస్టిక్ సంచీ విప్పకుండా అలాగే ఉంది. అక్షరాలు ఆవగింజల్లా ఉన్నాయి. మాస్టారు భూతద్దం తెచ్చి, ఎవరూ అడగకపోయినా ఎదురుగా కూర్చుని చదివి వినిపించాడు. పేజీ తిప్పినప్పుడల్లా ఆమె ఒంట్లో రక్తం మరిగేది. వెనకద్దం మీది సన్నటి గీతలు డిజైను కావట, మంచు పడితే వేడెక్కి తుడిచే తీగలట. ఆమె ఆరు చలికాలాలు పాతగుడ్డతో అద్దం తుడిచింది. రిమోటు తాళం బ్యాటరీ అయిపోయి, కారు తెరుచుకోక, ఒకసారి వానలో గంటసేపు నిలబడింది. చివరకు ఎవరినో పిలిపించి అద్దం పగలగొట్టించింది. ఆ రిమోటు కడుపులోనే ఇనప తాళం చెవి ఉందట. మాస్టారు అక్కడికక్కడే రిమోటు వెనకున్న బొత్తాం నొక్కి లాగాడు. తాళం చెవి ఊడి చేతిలోకి వచ్చింది.

“ఇది కూడా మీకు చెప్పే ఉంటాడు” అంది సూదక్క.

“చెప్పే ఉంటాడు” అని ఒప్పుకున్నాడు మాస్టారు.

సోమవారం సెలవు పెట్టి ఇద్దరూ షోరూముకు వెళ్లారు. ఆనాటి టైవాడు ఇప్పుడు మేనేజరు, అద్దాల గదిలో కూర్చున్నాడు. ఆమె దిండూ కుషనూ బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పింది. మెడ సంగతి, చెయ్యి వణికిన సంగతి, స్టిక్కర్ల గది సంగతి, ఒక్కటీ వదల్లేదు. అతను అంతా విన్నాడు. విని, కుర్చీ మాస్టారి వైపు తిప్పి, “సార్, చూడండి సార్, ఆ రోజు మనం డెమో పూర్తిగా...” అని మొదలుపెట్టాడు.

సూదక్క నోరు తెరిచేలోపే మాస్టారు లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. “నాకు కారు నడపడం రాదండీ. ఆ రోజూ రాదు, ఇవాళా రాదు. కారు ఆమెది. ఆమెతో మాట్లాడండి” అన్నాడు, బయట కూర్చున్నవాళ్లకు కూడా వినపడేంత గట్టిగా.

మేనేజరు కుర్చీ తిప్పుకున్నాడు. క్షమించమన్నాడు. కారు ఉచితంగా కడిగిస్తానన్నాడు.

“కడిగితే పోతుందా నా మెడనొప్పి?” అంది సూదక్క. “మీ సర్వీసు కౌంటరులో లేదని చెప్పిన మనిషి తల ఎత్తి చూసుంటే పోయేది. మీరే తొడిగిన కవరు మీరే ఎత్తి చూసుంటే పోయేది. అసలు ఆ రోజు నన్ను సీట్లో కూర్చోబెట్టి ఉంటే పోయేది. ఎవరు నడుపుతారని అడగడానికి ఎంతసేపు పడుతుంది? నేను రక్తం తీసేముందు ఇది ఎవరి చెయ్యి అని చూసుకోనా?”

అతను ఒక కాగితం ముందుకు లాక్కున్నాడు. “కంపెనీకి రాస్తాను మేడమ్” అన్నాడు. రాయడని ఆమెకు తెలుసు.

గదిలోంచి బయటికి వస్తుంటే హాలు మధ్యలో కొత్త కారొకటి రిబ్బను కట్టుకుని నిలబడి ఉంది. డ్రైవరు సీట్లో ఒక పెద్దమనిషి, ఆయన పక్కన వంగి పాఠం చెప్తున్న సేల్స్‌మన్, బయట పూలగుత్తి పట్టుకుని ఒక అమ్మాయి. సూదక్క కాళ్లు ఆగిపోయాయి.

“ఎవరు నడుపుతారమ్మా?”

“నేనేనండీ. నాన్నకు చూపు ఆనదు.”

“మరి నువ్వు బయటున్నావేంటి?”

ఆ అమ్మాయి పూలగుత్తి వైపు చూసుకుంది. సూదక్క ఆ గుత్తి తీసుకుని సేల్స్‌మన్ చేతిలో పెట్టింది. తండ్రి నవ్వుతూ దిగాడు, అమ్మాయి ఎక్కింది. “తలుపు వైపు చెయ్యి పెట్టు... ఆ, అదే. లాగు. బానెట్ కనపడిందా? ఇంకోసారి లాగు. ఇప్పుడు స్టీరింగు కింద చూడు.” మేనేజరు అద్దాల గదిలోంచి చూస్తూనే ఉన్నాడు కానీ బయటికి రాలేదు.

మెడనొప్పి ఒక్కరోజులో పోలేదు. వేరే డాక్టరు స్కానింగు తీయించి, ఎముకల మధ్య మెత్తటి భాగం కొంత అరిగింది, అది తిరిగి రాదు, ఇంకా అరగకుండా చూసుకోవచ్చు అని చెప్పాడు. నాలుగు నెలల వ్యాయామం తర్వాత వేళ్లలో తిమ్మిరి తగ్గింది. ల్యాబు మేనేజరు ముందు తన చేతినే ఇచ్చి పరీక్ష పెట్టాడు. ఒక్క పోటు. మర్నాటి నుంచి ఆమెకు సగం వీధులు తిరిగి ఇచ్చారు. మిగతా సగం ఇంకా ఇవ్వలేదు, ఆమె అడగడం మానలేదు.

పనిలో మళ్లీ చేరిన రోజునే ల్యాబు వెనక స్థలంలో, సొంత కార్లలో తిరిగే మిగతా నలుగురు ఆడవాళ్ల కార్లూ ఒక్కొక్కటే తెరిచి చూసింది. నలుగురి సీట్ల మీదా ఏదో ఒకటి పరిచి ఉంది. ఒకరిది దిండు, ఒకరిది మడిచిన దుప్పటి, ఇంకొకరు ఏకంగా పాత స్వెట్టర్లు సంచిలో కుక్కి వేసుకున్నారు. సూదక్క కుచ్చులు ఎత్తి తడిమింది. మూడు సీట్లు లేచాయి. ముగ్గురూ మొదట నవ్వారు, తర్వాత ఎన్నేళ్లయిందో లెక్కేసుకుని తిట్టడం మొదలుపెట్టారు.

నాలుగోదానికి నిజంగానే మీట లేదు. సూదక్క మోకాళ్ల మీద కూర్చుని రెండు పక్కలా వెతికింది, టార్చి వేసి చూసింది. లేదు.

“దీనికి పెట్టనే లేదక్కా” అంది ఆ కారు పిల్ల, క్షమాపణ చెప్తున్నట్టు.

“పెట్టకపోవడమేంటి?” అంది సూదక్క, మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ. “ఆ కంపెనీ ఫోన్ నంబరు ఇటివ్వు.”