ఆరు కండెల గిటారు కోసం ఆదిలాబాద్ దాకా

పాత ఎలక్ట్రిక్ గిటార్ల కోసం ఊళ్లు పట్టుకు తిరిగేవాణ్ణి మా ఇంట్లో ఏమంటారో ఇక్కడ రాయలేను. కరీంనగర్‌లో మందుల షాపు నడుపుకునే మనిషికి ఈ పిచ్చేమిటని మా ఆవిడ అడగడం మానేసి చాలాకాలమైంది. నేను వెతికేవి విదేశీ కంపెనీల గిటార్లు కావు. వాటి వెనక పడేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల దగ్గర డబ్బుంది. నేను వెతికేవి ఒకే ఒక్క మనిషి చేసిన గిటార్లు. చొప్పదండిలో నేతపని చేసుకుంటూ, పెళ్లిళ్లలో, వినాయక చవితి పందిళ్లలో పాడే ఆర్కెస్ట్రావాళ్ల కోసం నర్సయ్య అనే ఆయన తయారుచేసినవి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మొత్తం ఎన్ని చేశాడో ఎవరికీ తెలియదు. నా దగ్గర మూడున్నాయి.

ఆ గిటారును దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. తల భాగం మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆకారంలో ఉంటుంది. మెడ టేకు, ఒళ్లు మాత్రం నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి చెక్క. ఎంత తేలికంటే రాత్రంతా భుజాన వేసుకుని నిలబడ్డా నొప్పి పుట్టదు. అసలు విశేషం తీగల కింద ఉంది. ఎలక్ట్రిక్ గిటారులో తీగ కదలికను పట్టి స్పీకరుకు పంపేదాన్ని పికప్ అంటారు. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత రాగితీగను వేల చుట్లు చుడితే అది తయారవుతుంది. మామూలుగా ఆరు తీగలకూ కలిపి ఒకటే చుట్ట ఉంటుంది. నర్సయ్య తీగకొకటి చొప్పున ఆరు పెట్టాడు. పాడైపోయిన స్పీకర్ల నుంచి అయస్కాంతాలు తీశాడు, నూలు చుట్టే కర్ర కండెలను పొట్టిగా కోశాడు. వాటిమీద రాగితీగ చుట్టింది మాత్రం ఆయన కాదు, ఆయన భార్య లచ్చవ్వ. నూలు కండెలు చుట్టే రాట్నం మీదే రాగితీగా చుట్టింది.

లచ్చవ్వ ఇప్పుడు చొప్పదండిలోనే కూతురి దగ్గర ఉంటోంది. మూడో గిటారు దొరికినప్పుడు ఆమెకు చూపిద్దామని తీసుకెళ్లాను. ఒళ్లో పెట్టుకుని తడిమి, "మోగుతదా?" అని అడిగింది. మోగదు. నా దగ్గరున్న మూడింటిలోనూ ఆ సన్నతీగ చెమ్మకు ఎక్కడికక్కడ తెగిపోయింది. మళ్లీ చుట్టమందామంటే ఆమెకు చూపు ఆనదు, రాట్నం ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ గిటారు మోగుతుంటే ఆమె ఒక్కసారి కూడా వినలేదని.

"మీ నర్సయ్య మామ మీటరు వెట్టి చూస్తుండె. ముల్లు కదిలిందంటె మంచిగ చుట్టినట్టు. గంతే. ఇంట్ల మోగిచ్చెటందుకు మనకు స్పీకరేడిది? ఆర్కెస్ట్రా వాళ్లు వచ్చి పట్టుకపోదురు. వాళ్ల పోగ్రాములకు మేం పోతమా? నేను చూసింది ఆ ముల్లునే కొడుకా" అంది. గిటారు నా చేతికి తిరిగిస్తూ, "ఒక్కపారి వినాల్నని ఉండె" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. తెలిసిన పాత ఆర్కెస్ట్రావాళ్లందరినీ అడిగితే చివరకు ఆదిలాబాద్‌లో విఠల్ దొరికాడు. ఒకప్పుడు తెలుగు, మరాఠీ పెళ్లిళ్లలో గిటారు వాయించేవాడట, ఇప్పుడు పత్తి పండిస్తున్నాడు. తన దగ్గరున్న నర్సయ్య గిటారు ఇంకా మోగుతుందని చెప్పాడు. నర్సయ్యగారి భార్య ఒక్కసారి వినాలనుకుంటోందని చెప్పాను. "గట్లనా! ఆగు మరి" అని ఫోన్లోనే నాలుగు తీగలు మీటాడు. షాపులో జనం చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. సరే, దసరా అయ్యాక వచ్చి తీసుకెళ్తానని పెట్టేశాను.

దసరా అయ్యాక ఒక గురువారం పొద్దున ఆరింటికి ఖాళీ గిటారు పెట్టె పట్టుకుని కరీంనగర్ బస్టాండుకు వెళ్లాను. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ వెళ్లి, అక్కడ మారి సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్. ఎక్కడా పెద్దగా ఆగకపోతే నాలుగైదు గంటలు, టికెట్లు మూడొందల లోపే. ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు. పెట్టె సీటు కింద పట్టలేదు. కండక్టరు దాని వంక చూసి, "ఏమున్నది సారూ అండ్ల?" అన్నాడు. ఏమీ లేదంటే నమ్మలేదు. తెరిచి చూపిస్తే, "ఖాళీ డబ్బకు ఇంత పరేషాన్ ఎందుకు?" అని నవ్వుకుంటూ ముందుకెళ్లిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు ఈ మాట గుర్తొచ్చింది నాకు.

నిర్మల్‌లో ఆగాల్సిన పని నాకొకటుంది. నా మొదటి గిటారు అంచు పెచ్చు లేచింది, దానికో పొణికి ముక్క కావాలి. బొమ్మలు చేసేవాళ్ల వీధిలోకి వెళ్తే ఒక పెద్దాయన గుమ్మంలో కూర్చుని చెక్క సీతాఫలాలకు రంగులేస్తున్నాడు. ముక్క దేనికని అడిగాడు. ఫోన్లో గిటారు ఫోటో చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"గిసొంటిదే మొన్న మా దగ్గరికి వచ్చింది గద! ఆదిలాబాద్ ఆయన పట్టుకొచ్చిండు. ఎవరో పెద్దామెకు ఇచ్చేదున్నది, మంచిగ చెయ్యిన్రి అన్నడు. పాత రంగంత గీకి, చింతగింజల లప్పం వెట్టి, బంగారు రంగేసినం. లేళ్లు గీసినం."

"పాత రంగు గీకిన్రా?"

"గీకకుంటె కొత్తది పడ్తదా సారూ?"

నర్సయ్య తన గిటార్లకు ముదురు ఎరుపు ఒక్కటే వేసేవాడు. నా మూడింటికీ అదే రంగు, కుంచె జాడలతో సహా. పెద్దాయన మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను కానీ ఆయన చేసింది ఆయన పనే. చెక్కముక్కకు డబ్బు కూడా వద్దన్నాడు. బస్టాండు బయట హోటల్లో చాయ్ తాగుతూ నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. రంగు పోతే పోయింది, లచ్చవ్వకు ఎలాగూ కళ్లు కనిపించవు, ఆమెకు కావాల్సింది లోపలుంది. ఇంత నీచంగా కూడా ఆలోచించగలనని ఆరోజే తెలిసింది.

నిర్మల్ నుంచి ఆదిలాబాద్ రెండు గంటల దారి. నేరడిగొండ, ఇచ్చోడ దాటాక రోడ్డుకు రెండువైపులా పత్తిచేలు. అడవి పచ్చగా ఉంది, గాలి చల్లగా ఉంది, మనసు బాగుంటే నేను కూడా ఇక్కడ రెండు మంచి వాక్యాలు రాసేవాణ్ణే. ఊళ్లోకి వచ్చేసరికి జిన్నింగు మిల్లు ముందు పత్తి బండ్ల వరుస. అరకిలోమీటరు దూరానికి ఆటో పావుగంట తీసుకుంది. "సీజనంత గిట్లనే ఉంటది. మీరు పొద్దుగాల రావాలె" అన్నాడు ఆటో అతను. ఎనభై రూపాయలు తీసుకున్నాడు, మీరు అరవై అడగండి.

విఠల్‌ది ఊరి చివర ఇల్లు. అరవై దాటిన మనిషి, జుట్టు మాత్రం ఇంకా స్టేజీ మీద ఉన్నట్టే వెనక్కి దువ్వి ఉంది. భోజనం చేస్తేగానీ గిటారు మాటెత్తనివ్వలేదు. వాళ్లావిడ జొన్నరొట్టెలు, పప్పు, పచ్చిమిర్చీ వెల్లుల్లీ కలిపి దంచిన ఠేచా పెట్టింది. కారం నషాళానికెక్కింది. రొట్టె మీద రొట్టె వేస్తూ, "మీ గిటారు కోసం ఈయన నిర్మల్‌కు మూడు మాట్ల తిరిగిండు. చేన్ల పత్తి ఏరనీకె మనుషులు దొరకక నేను చస్తుంటె" అంది. విఠల్ సిగ్గుపడుతూ నవ్వాడు.

తర్వాత లోపలికెళ్లి కొత్త టవల్లో చుట్టి తెచ్చాడు. నాడె ఆకారపు తలకు కుంకుమ బొట్టు. ఒళ్లంతా బంగారు రంగు, రెండు లేళ్లు, లతలు, పువ్వులు. పెళ్లిలో పెట్టే బహుమతిలా మెరిసిపోతోంది. దాచుకున్నా దాగలేదనుకుంటాను నా ముఖం.

"ఏంది భావూ, మంచిగ లేదా?" అన్నాడు, మరాఠీవాళ్లు అన్నదమ్ముణ్ణి పిలిచినట్టు.

"పాత రంగు ఉండనియ్యాల్సింది."

"పాతది పాతగనే ఎట్ల ఇస్త? పొలాల పండుగకు ఎడ్ల కొమ్ములు గీకి రంగేస్తం. ఏడాదంత పనిచేసిన ఎద్దును గట్లనే నిలవెడ్తమా? గిది నాకు ఇరవై ఏండ్లు కూడు వెట్టింది. దీన్ని చేసినాయన భార్యకు పోతున్నది. జర మర్యాదుండద్దా?"

వాయించమన్నాను. పాత ఆంప్లిఫయరుకు వైరు తగిలించి మీటాడు. గట్టిగా, శుభ్రంగా, తళతళలాడే మోత. ఎక్కడా చిన్న గుయ్యిమన్న చప్పుడు కూడా లేదు. ఫోన్లో విన్నది ఇది కాదు. ఏమి తేడా అంటే చెప్పలేను, కానీ ఇది కాదు. వంగి తీగల కింద చూశాను. ఆరు కండెలు ఉండాల్సిన చోట నల్లటి పట్టీ ఒకటి, కంపెనీ సరుకు.

"కండెలేవి విఠల్?"

"తీసేయించిన. తుప్పు వట్టి గుయ్యిమంటుండె. పెద్దామె చెవులకు గా గుయ్యి ఎందుకు? నాగ్‌పూర్ పోయి కొత్తది వెట్టిచ్చిన, నంబర్ వన్ మాల్."

"పాతవి?"

"దుకాణంలనే విడిచివెట్టిన. గవేం చేస్కుంట?"

ఆ దుకాణానికి అక్కణ్ణుంచే ఫోన్ చేయించాను. అవతలివాడు మరాఠీలో ఏదో అన్నాడు. విఠల్ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఊడ్చేశారట.

అప్పుడు చెప్పాను, ఆ కండెలు చుట్టింది లచ్చవ్వని. ఆమె వినాలనుకున్నది భర్త చేసిన చెక్కను కాదు, తను చుట్టిన తీగను. విఠల్ గిటారును మంచం మీద పెట్టేశాడు. ఇన్నేళ్లు వాయించాడు, అదంతా నర్సయ్య ఒక్కడి పనే అనుకున్నాడు. ఆ గిటార్లు వాయించినవాళ్లందరూ అలాగే అనుకున్నారు. నావైపు తిరిగి, "మరి నాకు జెప్పలే గద భావూ" అన్నాడు. నిజమే, చెప్పలేదు. నర్సయ్యగారి భార్య అన్నాను, అంతే. కండెల సంగతి చెప్పడానికి ఇంకో అరనిమిషం పట్టేది.

డబ్బిస్తే తీసుకోలేదు, పైగా లచ్చవ్వకని జాకెట్ గుడ్డ, పసుపు కుంకుమలు పెట్టి పంపాడు. మనసారా తిట్టుకుందామంటే ఈ ప్రయాణంలో ఒక్క చెడ్డమనిషి కూడా ఎదురుకాలేదు. అందరూ మంచి చేద్దామనే చేశారు. ఆ రాత్రి బస్టాండు దగ్గర ఎనిమిదొందల లాడ్జిలో పడుకున్నాను. గది శుభ్రంగానే ఉంది, నిద్ర పట్టకపోవడం వాళ్ల తప్పు కాదు.

మర్నాడు కరీంనగర్‌లో దిగి, షాపులో ఉన్న చిన్న ఆంప్లిఫయరు తీసుకుని, ఆటో మాట్లాడుకుని చొప్పదండి వెళ్లాను. ఏమీ చెప్పకుండా వాయించేద్దామనుకున్నానని ఒప్పుకుంటాను. ఆమెకు తేడా తెలిసే వీలు లేదు, ఎప్పుడైనా వింటే కదా. లచ్చవ్వ గడపకు ఆనుకుని కూర్చుని, కొంగు సర్దుకుని, చెవి నావైపు పెట్టింది. నాకొచ్చిన పాటొకటి వాయించాను. ఆమె కదలకుండా విన్నది. అయిపోయాక చెయ్యి చాపి తీగల కింద తడుముతూ, "గీ మోత నేను చుట్టినదేనా?" అంది.

అంత ముఖాముఖి అడిగితే అబద్ధం నోరు దాటలేదు. "కాదవ్వా. నాకు ఫోన్ల వినిపిచ్చినప్పుడు ఉండె, తర్వాత వాళ్లు తీసేసిన్రు" అన్నాను.

"గట్లనా" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. చెవి మళ్లీ నావైపు పెట్టి, "నువ్వు ఫోన్ల విన్నవ్ గద? గది నాదే గద? ఎట్లుండె?" అని అడిగింది.

చెప్పడానికి ప్రయత్నించాను. జర బొంగురుగ ఉండె అన్నాను. కొంచెం గుయ్యిమంటుండె అన్నాను. తర్వాత ఇంకేం చెప్పాలో తెలియలేదు, ఎందుకంటే నాకు గుర్తులేదు. ఆ నాలుగు తీగలు మోగుతున్నప్పుడు నేను ఎవరి చీటీలోనో దగ్గు మందు పేరు చదువుతున్నాను. లచ్చవ్వ నా మాటల కోసం ఇంకాసేపు చూసి, "పోనీ తియ్యి. గిది నువ్వే ఉంచుకో, చాయ్ తాగిపో" అని లేచింది.

ఇప్పుడు నా దగ్గర నర్సయ్య గిటార్లు నాలుగున్నాయి. మూడు మోగవు, మోగేది ఆయనదీ కాదు, ఆమెదీ కాదు. బంగారు లేళ్లను చూసినవాళ్లందరూ బాగుందంటున్నారు. పాత వస్తువులను కాపాడుతున్నానని ఇన్నాళ్లూ నాకు లోపల కొంత గర్వం ఉండేది. నేను పోగుచేసింది చెక్క. పోగుచేయాల్సింది ఆ ఇంటి గడపలో కూర్చుని ఉందని ఆలస్యంగా తెలిసింది.

ఇలాంటి వెతుకులాటలో మీరూ ఉంటే ఒక్కటే సలహా. బస్సు టైములు, టికెట్లు ఎవరినడిగినా చెబుతారు. అవతలి మనిషి "ఆగు మరి" అని ఫోన్లో మీటబోయినప్పుడు, ముందు రికార్డు బటన్ నొక్కండి.