మంగళగిరిలో తలా ఒక ముద్ద

తొమ్మిదో తరగతి సోషల్‌లో నాజీల పాఠం ఒకటుంది. నేను ఏటా చెబుతూనే ఉన్నాను, పిల్లలు ఏటా బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటూనే ఉన్నారు. ఈసారి శ్రీకర్ లేచి, "టీచర్, అక్కడి జనానికి నోళ్ళు పడిపోయాయా? పక్కింటి యూదుల్ని ఈడ్చుకుపోతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారా?" అని అడిగాడు. మా పామర్రు స్కూల్లో నోటికి తాళం లేని పిల్లాడు వాడు. నా నోరూ తక్కువేం కాదు, మామూలుగా అయితే ఏదో ఒకటి చెప్పేసేదాన్ని. ఆ రోజు మాత్రం "ఆలోచించి చెప్తానురా" అన్నాను. ఆ వారమే విజయవాడ గవర్నర్‌పేటలో హోలోకాస్ట్ మీద, అంటే ఆ యూదుల ఊచకోత మీద, ఫోటోల ప్రదర్శన పెట్టారనీ, టికెట్ లేదనీ నా స్నేహితురాలు వాట్సాప్‌లో పంపింది. ఇంకేం, హెడ్మాస్టారి కాళ్ళావేళ్ళా పడి ఒక శనివారం సంపాదించాను.

మధ్యాహ్నం భోజనం ఎక్కడ అన్న మాట వచ్చేసరికి ప్రసన్న చెయ్యెత్తింది. పిలిస్తే తప్ప పలకని పిల్ల. "మా పెద్దమ్మావాళ్ళది మంగళగిరి టీచర్. విజయవాడ నుంచి దగ్గరే. మా పెద్దమ్మ వంట తింటే మళ్ళీ హోటల్ మొహం చూడరు" అంది. క్లాసయ్యాక స్టాఫ్‌రూమ్ దాకా నా వెనకే వచ్చి నెమ్మదిగా అసలు మాట చెప్పింది. "ఇన్నేళ్ళలో మా వాళ్ళింటికి క్లాసులో వాళ్ళెవరూ భోజనానికి రాలేదు టీచర్. ఒక్కసారి అందరూ వచ్చి తింటే చాలు." ప్రసన్నావాళ్ళు ఎస్సీలని క్లాసులో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. మా వైపు అదొక మర్యాద. సరేనన్నాను గానీ, రేపు అక్కడ ఎవరైనా ఒక్కరు "ఆకలిగా లేదండీ" అన్నారంటే ఈ పిల్ల మనసు ఏమైపోతుందోనని నాకు రెండు రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఇలాంటి ట్రిప్పు వేద్దామనుకునేవాళ్ళకి దారి చెప్తాను. పామర్రు నుంచి ఉయ్యూరు, కంకిపాడు మీదుగా విజయవాడ గంటన్నర లోపే. ఆర్టీసీ బస్సులు బోలెడు. మేం ఇరవై మందికి పైనే ఉన్నాం కాబట్టి వ్యాను మాట్లాడుకున్నాం, తలా మూడొందలు పడింది. ఏడింటికి బయల్దేరాం. నవంబరు నెలాఖరు, రెండువైపులా కోతకొచ్చిన వరి, రోడ్డు మీద మా ముందు ఒళ్ళు విరుచుకుంటూ పోయే చెరకు లారీలు. పిల్లలు అంత్యాక్షరి పేరుతో గొంతులు చించుకుంటున్నారు. డ్రైవర్ సాంబయ్యగారు పెద్దమనిషి, కబుర్ల పోగు. పామర్రు పొలిమేర దాటగానే నా వైపు తిరిగి, "ఇంతకీ మీరేవిట్లండీ?" అన్నారు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, మా జిల్లాలో కులం అడగటానికి ఉన్న మెత్తని మాట అది. "ఆకలిగా ఉన్నవాళ్ళమండీ. ఉయ్యూరులో ఇడ్లీ బండి దగ్గర ఆపండి" అన్నాను. "భలేవారండీ మీరు!" అని పగలబడి నవ్వారు, ఆపారు కూడా. అల్లప్పచ్చడి అదిరిపోయింది.

గవర్నర్‌పేటలో వ్యాను పెట్టుకోవటం అయ్యే పని కాదు. సందు మొదట్లో దిగిపోయి, బండిని బస్టాండు వైపు పంపేయండి. మేం పదింటికల్లా హాల్లో ఉన్నాం. అంతదాకా గోలగోలగా ఉన్నవాళ్ళు మెట్లెక్కి లోపలికి రాగానే వాళ్ళంతట వాళ్ళే గొంతు తగ్గించారు. మాకు చూపించటానికి వచ్చిన అమ్మాయి డిగ్రీ చదువుతోందట. చక్కటి తెలుగు, ఉపన్యాసం జోలికే పోలేదు. శవాల గుట్టల ఫోటోల దగ్గర మొదలుపెట్టకుండా ఒక కొట్టు ఫోటో ముందు ఆపింది. కొట్టు యూదులది. గుమ్మంలో యూనిఫారం వేసుకున్న మనుషులు కాపలా, రోడ్డు మీద జనం. "ఈ జనం నిన్నటిదాకా ఇక్కడ కొన్నవాళ్ళే. ఇవాళ లోపలికి వెళ్తే ఏమవుద్ది?" అని అడిగింది. "తంతారు" అన్నాడు శ్రీకర్. "అందరూ వెళ్తే?" వాడు బుర్ర గోక్కుని, "అందర్నీ ఎక్కడ తంతారక్కా, చేతులు నొప్పెడతాయి" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వేసింది. "కొంతమంది నిజంగానే వెళ్ళారు. ఎక్కువమంది వెళ్ళలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో అటువైపు గోడ మీద ఉంది" అంది.

ఆ అటువైపు గోడ గురించి నేను ఇక్కడ వివరంగా రాయను, వెళ్ళి చూడండి. మా క్లాసు పిల్ల వైష్ణవి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ప్రసన్న మాత్రం ఒక బడి ఫోటో దగ్గరే నిలబడిపోయింది. యూదుల పిల్లల్ని బడిలోంచి పంపేశారని కింద రాసి ఉంది. "మిగతా పిల్లలు ఏమీ అనలేదా టీచర్?" అని అడిగింది. "కొందరు దొంగచాటుగా స్నేహం చేశారమ్మా. చాలామంది ఏమీ అనలేదు" అన్నాను. బయటికొచ్చాక అందరికీ తలా ఒక చెరుకురసం ఇప్పించాను, కాస్త మనుషుల్లో పడ్డారు.

వారధి ఎక్కేసరికి కృష్ణ నిండుగా కనపడి మళ్ళీ కేకలు మొదలు. మంగళగిరికి ట్రాఫిక్‌ని బట్టి అరగంట, ముప్పావుగంట. ప్రసన్న పెద్దమ్మ కరుణగారు జాకెట్లు కుడతారు. ముందుగదిలో మిషన్లు గోడకి జరిపేసి, చాపలు పరిచి, విస్తళ్ళు వేసి ఉంచారు. పిల్లలు కాళ్ళు కడుక్కుని వరసగా కూర్చున్నారు. కరుణగారు నవ్వుతూ, "మొహమాటపడకుండా తినండి బాబూ. అన్నీ మెస్సు నుంచే తెప్పించాం. మేమేం వండలేదు. నీళ్ళు కూడా సీసాలే, మూత తియ్యలేదు" అన్నారు. ఎన్నోసార్లు చెప్పి అలవాటైన మాటలా అన్నారు.

ప్రసన్న మొహం పాలిపోయింది. "అదేంది పెద్దమ్మా! నువ్వు వండుతావనే కదా వీళ్ళందర్నీ తెచ్చింది!"

"ఊరుకోవే. మన పెళ్ళిళ్ళకైనా బయటివాళ్ళ చేతే కదా వండిస్తాం. పిలిచిన మనిషి తినకుండా లేచిపోతే మనసుకి కష్టంగా ఉంటది."

"వీళ్ళెవరన్నా అడిగారా నిన్ను?"

"అడిగేదాకా ఎందుకమ్మా?" అన్నారావిడ, అంతే నెమ్మదిగా.

ప్రసన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను ఏదో ఒకటి అనబోయాను. ఈలోగా శ్రీకర్ ముక్కు ఎగబీలుస్తూ లేచాడు. "ఆంటీ, ఏం వండలేదంటున్నారు, మరి ఆ వాసనేంటి?"

లోపల్నుంచి ఊరమిరపకాయలు వేయించిన ఘాటు ఇల్లంతా కమ్మేసి ఉంది, అంతదాకా ఎవరికీ అనే ధైర్యం లేదంతే. కరుణగారు కంగారుపడి, "అది నాకూ మా ఆయనకీ చేసుకున్న దోసకాయ పప్పు, ఊరమిరపకాయలూ నాయనా" అన్నారు.

"మాకు పెట్టరా?"

"ఇంతమందికి ఎక్కడ సరిపోద్ది?"

"తలా ఒక ముద్ద పెట్టండి. మా అమ్మ అట్టాగే పెడుద్ది" అంటూ వాడు విస్తరి దగ్గర్నుంచి వంటింటి గుమ్మంలోకి వెళ్ళి చెయ్యి చాపాడు. వెనకాలే వైష్ణవి. "నాకు రెండు. నేను పొద్దున ఇడ్లీ తక్కువ తిన్నాను." పచ్చి అబద్ధం, నాలుగు తింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అందరూ లేచారు. కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు. కరుణగారు తలుపు పట్టుకుని నా వంక చూశారు. "టీచర్‌గారూ, రేపు ఇళ్ళల్లో పిల్లల్ని ఏమన్నా అంటారేమో."

"అంటే నన్నంటారు లెండి. అనిపించుకోవటం నాకు అలవాటే. ముందు నా ముద్ద నాకివ్వండి" అన్నాను.

ఆవిడ పెద్ద బేసిన్‌లో వేడన్నం కుమ్మరించి, పప్పు పోసి, నెయ్యి వేసి కలిపారు. మొదటి ముద్ద ప్రసన్నకి ఇవ్వబోతే, "ముందు వాళ్ళకి పెట్టు" అని తోసేసింది. చాపిన చేతుల్లో ముద్ద మీద ముద్ద, పైన ఒక మిరపకాయ. శ్రీకర్‌గాడు కారానికి ఎగిరి గంతేశాడు, అయినా రెండోసారి లైన్లోకొచ్చి దొరికిపోయాడు. నవ్వులే నవ్వులు. కరుణగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "పొగమ్మా, పొగ" అంటున్నారు. పొయ్యి ఎప్పుడో ఆర్పేశారు. ప్రసన్న వంతు వచ్చేసరికి బేసిన్ అంచుకి అంటుకున్నదే మిగిలింది. అది వేలితో తీసుకుని తింటూ ఆ పిల్ల నవ్విన నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది, సిగ్గేం లేదు చెప్పుకోవటానికి. ఆ తర్వాత మెస్సు భోజనం కూడా మెతుకు మిగల్చలేదు, తొమ్మిదో తరగతి కడుపులవి.

సాంబయ్యగారిని లోపలికి రమ్మంటే, "నేను తినేశానండీ" అన్నారు. తినలేదని నాకు తెలుసు, పట్టుబట్టలేదు. తిరుగు దారిలో కంకిపాడు దగ్గర టీకి ఆగినప్పుడు ఆయనే, "మీ పెద్దమ్మ మిరపకాయల ఘాటు వ్యాను దాకా వచ్చిందమ్మాయ్" అన్నారు. "లోపలికొస్తే నోటి దాకా వచ్చేది కదా బాబాయ్" అంది ప్రసన్న ఠక్కున. పిలిస్తే తప్ప పలకని పిల్ల! ఆయన నవ్వి, టీ గ్లాసు వంక చూసుకున్నారు.

సోమవారం ఇద్దరు తల్లులు ఫోన్ చేశారు. ఒకావిడ గట్టిగానే మాట్లాడింది, నేనూ గట్టిగానే మాట్లాడాను. ఇంకొకావిడ ఊరమిరపకాయలు ఎట్లా పెడతారో కనుక్కోమంది. ఆ దేశంలో జరిగిన ఘోరాన్ని తెచ్చి మా ఊళ్ళ భోజనాల పక్కన పెట్టి తూచకూడదు. ఆ మాట పిల్లలకి వ్యానులోనే చెప్పాను, అక్కడ మనుషుల్ని తుడిచిపెట్టేశారు. కానీ గోడ మీద ఫోటోలు చూసి వచ్చిన పిల్లలు, ఎవరూ చెప్పకుండా, మా కళ్ళ ముందు ఒక గుమ్మం దాటారు. పాఠం చెప్పినందుకు నాకు ఇంతకంటే ఏం కావాలి. ఆ సంతోషం ఇంకా దిగలేదు.

వెళ్ళేవాళ్ళకి ఒకే ఒక్క సలహా. దారిలో ఎవరింట్లోనైనా భోజనం పెట్టుకుంటే ముందు రోజు ఫోన్ చేసి, మీరు వండిందే తింటామని నోరు తెరిచి చెప్పండి. నేను ఎంతమందిమో చెప్పాను, ఎన్నింటికి వస్తామో చెప్పాను, ఆ ఒక్క మాట చెప్పలేదు.