నేపాల్ బండిలో ఏడో మనిషి

రెండువేల పన్నెండు ఎండాకాలంలో మేము నేపాల్‌కు బండిలో వెళ్లి, బండిలోనే వండుకొని, బండిలోనే పడుకొని రావాలనుకున్నాం. ఎల్లారెడ్డిలో మా చెల్లెలి భర్తకు పెళ్లిళ్లకు కిరాయికి తిప్పే పెద్ద వ్యాను ఉండేది. దాని సీట్లు తీసేసి ఇల్లులా మార్చే లెక్క నాకు అప్పగించారు. నా బడి చదువు ఆరో తరగతితో ఆగింది. మిగతా లెక్కలన్నీ కామారెడ్డి బెల్లం మార్కెట్లో కాంటా పక్కన కూర్చొని నాకు నేనే నేర్చుకున్నాను. కాగితం మీద కుదిరింది నేల మీద కూడా కుదురుతుందని నా నమ్మకం.

దూరాన్ని దారంతో కొలిచాను. సరిహద్దు దగ్గరి సునౌలి నుంచి పోఖరా, ఖాట్మండు మీదుగా జనక్‌పూర్ దాకా పటంలో గీత వెంట తడి దారం పరిచి, దాన్ని స్కేలు మీద పెట్టి చూశాను. పటం గీసినవాడు కొండదారి వంపులన్నీ గీయడు కాబట్టి ఆ భాగానికి మరో సగం కలిపాను. నీళ్ల డ్రమ్ము తాగడానికీ వంటకూ మాత్రమే, స్నానాలు దారిలో దొరికిన చోట. ఇవన్నీ తేలిగ్గానే తేలాయి. తేలనిది పడకల లెక్క.

నిజానికి నేపాల్ మాట మొదట ఎత్తింది మా అక్క. తాడ్వాయిలో బీడీలు చుట్టుకొని బతుకుతుంది. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది. పశుపతినాథుణ్ణి చూడాలని ఆమె ఒక్కొక్కరినే ఒప్పించింది. చివరికి మూడు జంటలు తయారయ్యాయి: నేను, నా భార్య, చెల్లెలు, నేను బావ అని పిలిచే ఆమె భర్త, ఆ బావ వాళ్ల అన్నావదినలు. బండి లోపల పొడవు పది అడుగులు, వెడల్పు ఐదున్నర. నిలువుగా పడుకుంటే పక్కపక్కన ముగ్గురు పడతారు. కింద ఒక వరుస, పైన చెక్కల మీద ఒక వరుస, మొత్తం ఆరుగురు. మిగిలిన నాలుగు అడుగుల్లో పొయ్యి, డ్రమ్ము, బియ్యం. అక్కతో కలిపి మేము ఏడుగురం. ఈ లెక్క చెప్పిన రోజు అక్కే అన్నది:

"నాకెందుకు తమ్మీ, మోకాళ్లు పట్టేసినయి. మీరు పోయి రాండ్రి, తీర్థం తేండ్రి."

మోకాళ్ల నొప్పి ఆమెకు పదేళ్ల నుంచీ ఉంది. నేపాల్ మాట ఎత్తినప్పుడు కూడా ఉంది.

వడ్రంగి చెక్కలు బిగించాక ఒకసారి పడుకొని చూద్దామని అందరం ఎల్లారెడ్డిలో బావ ఇంటికి చేరాం. దారికని పట్టిన కారప్పొడి ఇవ్వడానికి అక్క కూడా బస్సులో వచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాయి. బండి వాకిట్లో ముందుభాగం ఉత్తరం వైపు పెట్టి ఆగి ఉంది. స్టీరింగు దగ్గర దేవుడి పటం ఉంది కాబట్టి అటు కాళ్లు పెట్టకూడదని తలలు ముందుకు పెట్టమన్నాను. బావ వాళ్ల అన్న, నాకు పెద్ద బావ, ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయాడు.

"ఏంది బామ్మర్ది, ఉత్తరం దిక్కు తల పెట్టి పండుమంటవా? దేవుని చూపిస్తనంటివి, దేవుని దగ్గరికే తోలుతున్నవా?"

"బండి మల్పితే అయిపాయె అన్నా," అన్నాడు బావ.

"గీడ మల్పుతవు. గా కొండల మీద యాడ మల్పుతవురా? ఒకదిక్కు లోయ, ఒకదిక్కు గుట్ట!"

"అట్లయితే కూసోనే పండుండ్రి," అన్నది మా చెల్లెలు. పెద్ద బావ భార్య నవ్వింది కానీ ఆమె కూడా బండెక్కలేదు.

ఆయన మాట నిజం. కొండదారిలో జాగా దొరికిన చోట ఆపాలి, దిక్కు మన చేతిలో ఉండదు. నేను సుద్దముక్క తీసుకొని లోపలికెక్కాను. నిలువుగా కాకుండా అడ్డంగా పడుకుంటే? అప్పుడు తల కుడికైనా పెట్టుకోవచ్చు, ఎడమకైనా పెట్టుకోవచ్చు. బండి ఎటు చూసినా ఆ రెండింటిలో ఒక వైపైనా ఉత్తరం కాదు. దేవుడి వైపు కాళ్లు కూడా రావు. వెనక తలుపు దగ్గర రెండడుగులు పొయ్యికీ డ్రమ్ముకూ వదిలాను, బియ్యం మూటలు కింది చెక్కల అడుగుకు పోతాయి. మిగిలిన ఎనిమిది అడుగుల్లో మనిషికి రెండడుగుల చొప్పున గీతలు గీశాను. నాలుగు వచ్చాయి. కింద నాలుగు, పైన నాలుగు. తప్పు గీశానేమోనని టేపు పెట్టి మళ్లీ కొలిచాను. నాలుగే.

కిందికి దిగి చెప్పాను. "జంటల లెక్క పక్కన పెడదాం. ఆడోళ్లు నలుగురు కింద, మొగోళ్లం ముగ్గురం పైన. పైన మిగిలింది దుప్పట్లకు."

"నలుగురా?" అన్నది నా భార్య. వెంటనే అక్క వైపు చూసింది.

"ఐదున్నర అడుగులల్ల నీ బావ పడతడా?" పెద్ద బావ అడిగాడు. బావ ఆరడుగుల మనిషి.

"ఇంట్ల మంచం మీద గూడ కుక్కపిల్ల లెక్కనే ముడుసుకొని పంటడు," అన్నది చెల్లెలు. "ఆయన రంది మీకొద్దు."

అక్క గడపలో కూర్చొని కారప్పొడి డబ్బా మూత బిగిస్తోంది. బిగిసిన మూతనే మళ్లీ బిగిస్తోంది.

"అక్కా, ఒకసారి పండి సూడు," అన్నాను.

"నేనెందుకు..."

"కొలత కావాలె. నువ్వు పండితేనే తెలుస్తది."

నా భార్య చెయ్యి అందిస్తే మెల్లగా ఎక్కింది. మొదటి గీతకూ రెండో గీతకూ మధ్య, తల తూర్పుకు పెట్టి పడుకుంది. కాళ్ల దగ్గర ఇంకా జానెడు మిగిలింది. పెద్ద బావ కిటికీలోంచి తొంగిచూసి, "గిప్పుడే గురక పెట్టకు వదినా, నేపాల్ ఇంకా రాలే," అన్నాడు.

అక్క నవ్వలేదు. పైచెక్కను చేత్తో తాకి చూసింది, కిటికీ అద్దం జరిపి చూసింది. తర్వాత పడుకొనే ఉండి నన్ను పిలిచింది.

"తమ్మీ, ఆడ సలి బాగుంటదంట గదా. నాకు రెండు దుప్పట్లు గావాలె, ఒకటి సాలది. రాసుకున్నవా?"

"రాసుకున్న," అన్నాను.

"మరి వడ్లాయన్ను పిలువుండ్రి. గీ చెక్కలు ఎప్పుడు మారుస్తడో అడగండ్రి."