నాయినమ్మ పళ్ల సెట్టు

పదహారేళ్ల పిల్ల. పాత ఇల్లు. అటక మీద తాళం వేసిన పెట్టె. పెట్టె తెరవగానే తెలుస్తుంది, నాయినమ్మ మంత్రగత్తె అని, ఆ శక్తి ఇప్పుడు తనకూ వచ్చిందని. ఇక పిల్ల సంతోషానికి పట్టపగ్గాలుండవు. పెద్ద తరగతుల పిల్లల కోసమని ఇప్పుడు వస్తున్న మాయల నవలల్లో సగానికి సగం ఇదే కథ. నాకు ఒళ్లు మండుతుంది. మంత్రగత్తె అని పేరు పడ్డ ఆడమనిషితో ఒక్క పూటైనా కలిసి బువ్వ తిన్నారా మీరు అని ఆ రాసేవాళ్లను నిలబెట్టి అడగాలనిపిస్తుంది. నేను తిన్నాను. ఆమె చేతి బువ్వతోనే పెరిగాను.

ఒకప్పుడు ఆ నవలలంటే నాకూ ప్రాణమే. తెలంగాణ కొట్లాట జోరుగా నడుస్తున్న రోజులు. మెదక్‌లో బడులు బంద్, బస్సులు బంద్. నేను పదో తరగతి. బస్టాండు దగ్గర కిరాయికి పుస్తకాలిచ్చే దుకాణం ఒకటి ఇంకా మిగిలి ఉండేది. షట్టర్ సగం దించి, లోపల్నుంచి పుస్తకాలు ఇచ్చేవాళ్లు. ఒంగి దూరి, మాయల నవల ఒకటి తెచ్చుకుని, వంటింటి గడప మీద కూర్చుని నాయినమ్మకు చదివి వినిపించేదాన్ని. ఆమె చింతపండులో గింజలు తీస్తూ వినేది. మంత్రగత్తె పిడికెడు బూడిద చల్లగానే రాజుగారి కోట కూలిపోయిందని చదివితే, "గంత బలముంటే గా ముసల్ది గుడిసెల ఎందుకున్నదే?" అని నవ్వేది.

ఆమెకు ముందు పళ్లు లేవు. పైవీ లేవు, కిందివీ లేవు. వయసులో ఉన్నప్పుడు బావి మెట్ల మీద జారిపడిందని ఇంట్లో చెప్పేవారు. జొన్నరొట్టెను చారులో నానబెట్టుకుని మింగేది. వానాకాలం మక్క కంకులు కాల్చుకుని మేమంతా కొరుకుతుంటే, ఆమె తన కంకి గింజలు ఒలిచి రోట్లో దంచుకునేది.

అప్పుడే దవఖానలో పళ్ల క్యాంపు పెట్టారు. ముసలివాళ్లకు పళ్ల సెట్లు ఊరికే కడతామని ఆటోలో మైకు పెట్టుకుని గల్లీ గల్లీ తిరిగారు. నాయినమ్మ చింతపండు చాట పక్కన పెట్టి వాకిట్లోకి పోయి విన్నది.

"నాకు గూడ కడ్తరా బిడ్డా? కంకి కొరకాలనిపిస్తుంది" అన్నది.

తన కోసం ఆమె ఏదైనా అడగడం నేను విన్నది అదే మొదలు.

నాయిన ఒప్పుకుంటాడనే అనుకున్నాను. ఆయన బడిలో సైన్సు సారు. తల్లికి కంటి ఆపరేషన్ చేయించాడు, కళ్లజోడు పెట్టించాడు, చలికాలం వస్తే కొత్త శాలువా తెచ్చేవాడు. సాయంత్రం ధర్నా టెంటు నుంచి ఆయన రాగానే క్యాంపు సంగతి చెప్పాను.

"గీ వయసుల పండ్లెందుకు?" అన్నాడు.

"నాయినమ్మనే అడిగింది."

"వద్దన్న గదా! ఇంకోపారి గా ముచ్చట ఎత్తితే మంచిగుండది."

నా చేతిలో నవల ఉంది. అట్ట మీద మంత్రగత్తె బొమ్మ. అది ఆయన కంట్లో పడింది. గుంజుకుని వాకిట్లోకి విసిరేసి, "ఇసొంటియి నా ఇంట్ల కనవడొద్దు" అని అరిచాడు. నాయినమ్మ మెల్లగా లేచి పోయి, బురదలోంచి పుస్తకం తీసుకొచ్చి, కొంగుతో తుడిచి నా ఒళ్లో పెట్టింది.

మర్నాడు మా మేనత్త వచ్చింది. నాయినకు అక్క. కౌడిపల్లి దగ్గర ఇచ్చారు. ఊరేగింపుకు వస్తున్న ట్రాక్టర్‌లో ఎక్కి వచ్చి మా ఇంటి ముందు దిగింది. బట్టలుతికే బండ దగ్గర నా కోపమంతా ఆమె ముందు కక్కేశాను. ఆమె చీర పిండడం ఆపింది.

"బావిల వడ్డదని చెప్పిన్రా నీకు? బావీ లేదు, ఏం లేదు. పీకిన్రు."

"ఎవరు?"

"ఊరోళ్లు. పక్కింట్ల పసిపిల్లగాడు జరమొచ్చి సచ్చిపోయిండు. మా అమ్మనే బాణామతి జేసిందన్నరు. చావిడి కాడ కట్టేసి పట్కారుతోని పండ్లు పీకిన్రు. ముందు పండ్లు లేకుంటే మంత్రం నోరు తిరగదట. గందుకు."

"తాత ఏం జేసిండు?"

"నిలవడి జూసిండు. నేను జూసిన, మీ నాయిన జూసిండు. వాడు గప్పుడు గింతంత పిల్లగాడు. తెల్లారి ఊరిడిసి ఈడికొచ్చినం."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. థూ! ఒక మనిషిని కట్టేసి పళ్లు పీకితే, ఇంటివాళ్లంతా కలిసి దానికో బావి కథ అల్లారు. ఊరి మీద కోపం, నేను ఎన్నడూ చూడని తాత మీద కోపం. నాయిన మీద మాత్రం ఇంకా జాలే. పాపం, ఆ రోజు గుర్తుకొస్తుందనే పళ్లు వద్దంటున్నాడని అనుకున్నాను. అందుకే నేరుగా ఆయన దగ్గరికే పోయాను.

"అత్తమ్మ అంత చెప్పింది నాయినా. గాళ్లు పీకిన పండ్లు మనమన్న పెట్టియ్యాలె గదా!"

నాయిన తలుపు దగ్గరికేశాడు. వంటింటి వైపు ఓసారి చూశాడు. గొంతు తగ్గించి, "నిప్పు లేంది పొగొస్తదా?" అన్నాడు.

గడియ పెట్టి మళ్లీ ఆయనే అన్నాడు.

"ఇన్నేండ్ల సంది మంచిగనే ఉన్నం. ఇప్పుడు పండ్లు పెట్టిచ్చుడెందుకు? ఇంట్ల పిల్లలున్నరు."

పిల్లలంటే నేనూ, తమ్ముడూ! నాయినమ్మ ఒళ్లో పడుకుని పెరిగిన పిల్లలం. ఈ మనిషే ఏటేటా క్లాసులో పసుపు నీళ్లలో సున్నం కలిపి ఎర్రగా చేసి, "చూసిండ్రా? నెత్తురు గాదు, మంత్రం గాదు, అంత మోసం" అని పిల్లలతో చప్పట్లు కొట్టించుకునేవాడు. టెంటు కింద మైకు పట్టుకుని ఆత్మగౌరవం, ఆత్మగౌరవం అని గొంతు చించుకునేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే. కన్నతల్లికి పళ్లొస్తే బాణామతి చేస్తుందట! సైన్సు సారుకు భయమట!

"సిగ్గు లేదా నీకు?" అన్నాను.

చెంప మీద ఒక్కటిచ్చాడు. కొట్టినందుకు నాకు కోపం లేదు. అడిగినదానికి జవాబు చెప్పలేదు చూడు, ఆ కోపం ఇప్పటికీ ఉంది.

క్యాంపు ఆఖరి రోజు, నాయిన టెంటుకు పోగానే ఆటో పిలుచుకొచ్చాను. "నడువు నాయినమ్మా, దవఖానకు పోదాం. నాయినతోని నేను కొట్లాడుత" అన్నాను. ఆమె ఉతికిన చీర కట్టుకుంది. నూనె రాసి తల దువ్వుకుంది. చెప్పులేసుకుని ఆటో దాకా వచ్చి, కడ్డీ పట్టుకుని ఆగిపోయింది.

"వద్దు బిడ్డా. ఆటోను పంపియ్యి."

"భయపడకే, నొప్పి లేకుంట కడ్తరట."

"నొప్పికి గాదే. తలుపెనుక మీ ముచ్చటంత ఇన్న. నాకు పండ్లొస్తే నీ నాయిన ఇగ నా చేతి బువ్వ తినడు."

ఆటో వెళ్లిపోయింది. ఆమె పాత చీర మళ్లీ కట్టుకుని పొయ్యి వెలిగించింది. మధ్యాహ్నం నాయిన వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. ఆయన కలుపుకుని నాలుగు ముద్దలు తిని, తల ఎత్తకుండానే, "మస్తున్నదే అమ్మా, ఇంకింత చారు పొయ్యి" అన్నాడు.