తాడుకు అటువైపు కుర్చీలు

ఫాసినేటింగ్ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అరకులో ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుని బతికేదానికి ఒక ఇంగ్లిష్ మాట మీద ఇంత కక్షేమిటని మీరు నవ్వచ్చు. నవ్వండి.

మా గూడెం కింద ఒక రిసార్టు వెలిసింది. శనివారం సాయంత్రాలు మా ఆడవాళ్లు అక్కడ చేతులు కలిపి వరసగా థింసా ఆడాలి, నేను మైకు పట్టుకుని అదేమిటో అతిథులకు ఇంగ్లిషులో చెప్పాలి. వరసకు ముందు మా పెద్దమ్మ ఉంటుంది. ఆమె కాలు ఎటు పడితే వరసంతా అటే.

మా దగ్గర థింసాను నిలబడి చూడరు. పొరుగూరి మనిషైనా సరే, చెయ్యి పట్టి వరసలోకి లాగాల్సిందే. లాగకపోతే ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇవ్వనంత తప్పు. అందుకే మొదటి శనివారం పెద్దమ్మ ముందు కుర్చీలో ఉన్న పట్నం ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ విదిలించుకుని, చెయ్యి తుడుచుకుని, ఫోను పైకెత్తి "ఫాసినేటింగ్" అంది.

ఆట అయ్యాక పెద్దమ్మ నన్ను అడిగింది. "ఆయమ్మ ఏటన్నాదే?"

"చాలా బాగుందంది."

"బాగుంటే సెయ్యెందుకు లాక్కున్నాది?"

డిలైట్, చార్మ్, ఫాసినేషన్, అన్నిటినీ ఒకే గాటన కట్టి ఆనందమని పిల్లల చేత రాయిస్తాం. కాదు. డిలైట్ ఒంట్లో పుట్టాలి. మోకాలు సలుపుతున్నా ఇంకో చుట్టు తిరుగుదామంటుందే మా పెద్దమ్మ, అది డిలైట్. ఫాసినేషన్‌కు కళ్లుంటే చాలు, కూర్చోవడానికి కుర్చీ ఉంటే మరీ మంచిది. గాజుపెట్టెలో సూదితో గుచ్చిన సీతాకోకచిలుకను చూసినా అదే మాట అంటారు. ఇక వాళ్లు చార్మింగ్ అనేది కుళాయి లేని మా ఇళ్లను చూసి. అదే ఇంట్లో ఒక్క పూట ఉండమనండి, అప్పుడు చూద్దాం.

మరుసటి వారానికి మేనేజరు ఆటస్థలానికీ కుర్చీలకూ మధ్య తాడు కట్టించాడు, మేకల్ని అడ్డుకోవడానికి కట్టినట్టు. "గెస్టులను ముట్టుకోకూడదమ్మా" అని అందరి ముందూ పెద్దమ్మకు బుద్ధి చెప్పాడు. ఆమె ఆడింది. అడుగు తప్పలేదు. ముఖంలో మాత్రం ఏమీ లేదు. వాళ్లు ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు, తేడా ఒక్కరికీ తెలియలేదు.

కొండెక్కి వస్తూ పెద్దమ్మ అంది, "ఇలాగ ఇంకొన్నాళ్లు ఆడితే, మన పండక్కి కూడా నాకు కాలు ఆడదే."

నాకు కోపంతో పాటు భయమూ వేసింది. ఆమె ఆగితే మా వరస ఆగినట్టే.

ఆ పై శనివారం మేం కిందికి దిగలేదు, మేనేజరే జీపులో వచ్చాడు. పెద్దమ్మ వాకిట్లో కాఫీ పళ్లు ఆరబోస్తోంది. తల ఎత్తకుండానే చెప్పింది. "తాడు ఇప్పితే వత్తాం. నేదంటే నేదు."

అతను ముచ్చటపడి నవ్వాడు. నా వైపు తిరిగి, ఆమెకు అర్థం కాదన్న ధీమాతో, "షీ ఈజ్ సో చార్మింగ్" అన్నాడు.

"ఏటన్నాడే?" అంది పెద్దమ్మ.

"తాడు ఇప్పడంట" అన్నాను.